ఇంట్లోనే చదివిస్తూ అన్ని పద్ధతులూ కలపొచ్చా? బత్తాయి తోట ఇంటి నుంచి వచ్చిన ప్రశ్నకు జవాబు

ప్రశ్న: సార్, మాది నల్గొండ దగ్గర పల్లె. నేను బీఎడ్ చేశాను, కొన్నాళ్లు ప్రైవేటు స్కూల్లో చెప్పి మానేశాను. పోయిన జూన్ నుంచి పిల్లలిద్దరినీ ఇంట్లోనే చదివిస్తున్నాను. పాపకి తొమ్మిదేళ్లు, మూడో తరగతి దాకా స్కూలుకి వెళ్లింది. బాబుకి ఐదేళ్లు. మాంటిసోరీ సామాను కొన్నాను, షార్లెట్ మేసన్ పద్ధతి నచ్చింది, వాల్డార్ఫ్ వీడియోలూ చూస్తాను. కొందరేమో మీరేమీ చెప్పకండి, పిల్లలే నేర్చుకుంటారు అంటున్నారు. అన్నీ కలుపుదామంటే వారానికో పద్ధతి మారిపోతోంది. బాబు అక్కని చూసి అక్షరాలు అడుగుతున్నాడు కానీ ఏడేళ్ల దాకా వద్దని విని ఆపేశాను. మా ఆయనకి బత్తాయి తోట. మా అత్తమ్మ రోజూ "బడికి పోని పోరగాళ్లకు రేపు నౌకరీ ఎవరిస్తరు" అంటున్నారు. నాకూ టెన్షన్‌గానే ఉంది.

జవాబు: అమ్మా, ముందు బాబు సంగతి. వాడు అడుగుతున్నాడు, మీరు ఆపేశారు. ఇవాళే మళ్లీ మొదలుపెట్టండి.

ఏడేళ్ల దాకా చదవడం నేర్పొద్దన్నది వాల్డార్ఫ్ పద్ధతి పెట్టిన రుడాల్ఫ్ స్టైనర్ దారి. 1919లో జర్మనీలోని స్టుట్‌గార్ట్‌లో, ఒక సిగరెట్ ఫ్యాక్టరీ కార్మికుల పిల్లల కోసం ఆయన పెట్టిన బడి అది, ఆ ఫ్యాక్టరీ పేరే వాల్డార్ఫ్‌గా మిగిలింది. మాంటిసోరీది దీనికి పూర్తిగా ఎదురు. ఆవిడ డాక్టరు, 1907లో రోమ్‌లోని పేదల వాడలో పిల్లల్ని దగ్గర కూర్చుని గమనించి, చేతికి పని దొరికితే నాలుగేళ్ల పిల్లలు కూడా అక్షరాలు పట్టేస్తారని చూసింది. రెండు దార్లలో ఏది గొప్పదో తేల్చే పని మనకొద్దు, కానీ ఒకే పిల్లాడికి ఒకే ఏడాదిలో రెండూ పాటించడం మాత్రం అయ్యే పని కాదు. ఇక్కడ కలపడం కుదరదు, ఒకటి ఎంచుకోవాలి. ఎంచుకునేది మీరు కూడా కాదు, వాడే ఎంచుకున్నాడు కదా, అక్షరాలు కావాలని.

గరుకు కాగితం మీద అక్షరం గీసి, కత్తిరించి అట్టకి అంటించండి, వాడు వేలితో దిద్దుతూ శబ్దం పలకాలి. మన తెలుగుకి ఈ పద్ధతి భలే అతుకుతుంది, ఎలా రాస్తామో దాదాపు అలాగే పలుకుతాం కాబట్టి అక్షరాలు, గుణింతం గుర్తులు వచ్చాయంటే పిల్లాడు వాడంతట వాడే మాటలు కూర్చుకుంటాడు. ఒత్తులకి తొందరేం లేదు. ఇంగ్లీషు ఇప్పుడు నోటితో చాలు, రాత తర్వాత. వాల్డార్ఫ్‌లో మీకు నచ్చినవి ఉంటే వదిలేయమనను. రోజూ ఒకే వేళకి ఒకే పని, పుస్తకం లేకుండా నోటితో కథ చెప్పడం, చేత్తో కుట్టడం అల్లడం, సెల్‌ఫోన్ చేతికివ్వకపోవడం, ఇవి తీసుకోండి, ఇవి దేనికీ అడ్డు రావు.

మీరు చేస్తున్న పొరపాటు అల్లా వారాన్ని బట్టి కలపడం. కలిపితే సబ్జెక్టుని బట్టి, పిల్లల వయసుని బట్టి కలపాలి, ఒకసారి కలిపాక కనీసం ఒక ఏడాది కదపకూడదు.

పాపకి లెక్కల్లో అసలు ఏమీ కలపకండి. స్టేట్ సిలబస్ లెక్కల పుస్తకం ఒకటి పెట్టుకుని మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా వరసగా పోండి, బోర్ కొట్టినా సరే. నా దగ్గరికి ఇంటర్ పిల్లలు వస్తుంటారు, ఎంపీసీ తట్టుకోలేకపోతున్నాం సార్ అని, తవ్వి చూస్తే చాలామంది భిన్నాల దగ్గరే ఆగిపోయి ఉంటారు, ఎప్పుడో ఐదు ఆరు తరగతుల్లో. మిగతా సబ్జెక్టుల్లో ఒక పాఠం జారినా ఫరవాలేదు, లెక్కల్లో జారింది అక్కడే ఉండిపోతుంది. మాంటిసోరీ పూసలు మీ దగ్గర ఉన్నాయి కాబట్టి భాగహారానికి, స్థాన విలువకి వాడండి, లేకపోయినా చింతగింజలతో జరిగిపోయేదే. ఇక కొత్త సామాను మాత్రం కొనకండి, ఆ వీడియోల్లో సగం అమ్మకాలే.

తెలుగు, సాంఘికం, సైన్సు చదవడానికి షార్లెట్ మేసన్ పద్ధతి పెట్టుకోండి. ఇంగ్లండులో ఇళ్లలో చదువు చెప్పే తల్లులకి, ఆయాలకి దారి చూపించిన టీచరమ్మ ఆవిడ, అందుకే మీకు సులువుగా నచ్చి ఉంటుంది. పదిహేను ఇరవై నిమిషాలకి మించని పాఠం, ఒక్కసారే చదవడం, తర్వాత పుస్తకం మూసి విన్నది తన మాటల్లో తిరిగి చెప్పడం, అంతే. ఈ తిరిగి చెప్పడం అన్నదాన్ని తేలిగ్గా తీసుకోకండి. ప్రశ్న జవాబు బట్టీ పట్టిన పిల్లలు పదో తరగతి దాటేస్తారు గానీ ఇంటర్వ్యూలో రెండు నిమిషాలు సొంతంగా మాట్లాడలేరు, అది నేను రోజూ చూస్తున్నదే. మీ పాప ఎవరికి చెప్పాలంటారా, మీ అత్తమ్మకి. పొద్దున చదివిన పాఠం సాయంత్రం నాయనమ్మకి చెప్పమనండి, ఆవిడ అడ్డు ప్రశ్నలు వేస్తుంది చూడండి, అంతకంటే మంచి పరీక్ష ఇంకొకటి లేదు. ఈ ఇంట్లో చదువు సాగుతోందో లేదో ఆవిడకీ తెలుస్తుంది.

బట్టీ పూర్తిగా చెడ్డదని కూడా నేననను. ఎక్కాలు, శతక పద్యాలు నోటికి రావాల్సిందే. ఈ మాట మోడరన్ తల్లిదండ్రులకి నచ్చదు, అయినా చెప్తాను.

ఇప్పుడు మీ దగ్గర ఉండి కూడా మీరు వాడుకోనిది. 1937లో వార్ధాలో గాంధీ గారు నయీ తాలీమ్ అని మొదలుపెట్టారు. దాని పాఠ్య ప్రణాళిక రాసిన కమిటీకి పెద్ద మన హైదరాబాదులో పుట్టిన జాకీర్ హుస్సేన్. పని పక్కన చదువు అని కాదు, పనిలోంచే చదువు అన్నది దాని అసలు సంగతి. మీకు బత్తాయి తోట ఉంది! డ్రిప్పు ఒక్కో చెట్టుకి గంటకి ఎన్ని లీటర్లు వదులుతోంది, ఎకరానికి ఎన్ని చెట్లు, కరెంటు ఇన్ని గంటలే ఉంటే నీళ్లు సరిపోతాయా, ఇవి పాపకి ఇవ్వండి. మీ ఆయన నల్గొండ మార్కెట్‌కి కాయ తీసుకెళ్లిన రోజు వెంట పంపండి, టన్నుకి ధర ఎంత పలికింది, తరుగు కింద ఎంత కోశారు, కమీషన్, హమాలీ, ఆటో కిరాయి పోగా చేతికి ఎంత వచ్చిందో నోట్‌బుక్‌లో రాయమనండి. శాతాలు అంత గట్టిగా ఏ పాఠమూ నేర్పదు. మట్టి పరీక్ష, ఆకు ముడత, పూత రాలడం, ఇదంతా సైన్సే. ఇక్కడ టీచరు మీరు కాదు, మీ ఆయన. ఇన్నాళ్లూ చదువంతా మీ ఒక్కరి నెత్తిన ఉన్నట్టుంది, అందులో సగం టెన్షన్ అక్కడే దిగుతుంది.

వారానికి ఒక్క రోజు బయటికి. పానగల్లు మీకు దగ్గరే. ఛాయా సోమేశ్వరాలయం గర్భగుడిలో లింగం వెనక గోడ మీద పొద్దంతా కదలకుండా నిలబడే నీడని పాపకి చూపించండి, సూర్యుడు కదులుతుంటే నీడ ఎందుకు కదలట్లేదు అని అడిగి వదిలేయండి, జవాబు చెప్పకండి. ఇంటికొచ్చి రెండు టార్చిలైట్లు, అట్టతో చేసిన స్తంభాలు ఇచ్చి ఒక గదిలో వదిలితే వెలుతురు ఎటు నుంచి వచ్చి పడుతుందో వెతుక్కుంటుంది. మహబూబ్‌నగర్ వైపు వెళ్తే పిల్లలమర్రి ఉంది, చెదలు పట్టి కొమ్మలు కూలితే 2018లో ఆ పెద్ద మర్రిచెట్టుకి సెలైన్ బాటిళ్లతో మందు ఎక్కించారు. చెట్టుకి సెలైన్ ఎక్కించారంటే ఏ పిల్లలైనా పది ప్రశ్నలు అడుగుతారు.

ఏమీ చెప్పకండి, పిల్లలే నేర్చుకుంటారు అన్న మాట అమెరికా టీచరు జాన్ హోల్ట్ వెంట వచ్చినవాళ్లది. ఆయన ఆలోచనలో బలం ఉంది, మధ్యాహ్నం తర్వాత పిల్లల్ని వాళ్ల ఇష్టానికి వదిలేయండి, నేను కాదనను. కానీ రోజంతా అలా వదలాలంటే ఇంటి చుట్టూ లైబ్రరీలు, వర్క్‌షాపులు, తీరిక ఉన్న పెద్దవాళ్లు ఉండాలి. పల్లెలో అలా వదిలేస్తే చివరికి ఫోనే టీచరవుతుంది.

ఇక అత్తమ్మ ప్రశ్న. ఆవిడది చాదస్తం అనుకోకండి, నౌకరీ సంగతి ఆవిడ సరిగ్గానే పట్టుకున్నారు. 2009 విద్యా హక్కు చట్టం ఆరు నుంచి పద్నాలుగేళ్ల పిల్లలకి బడి హక్కుగా ఇచ్చింది, ఇంట్లో చదువు గురించి అందులో ప్రత్యేకంగా ఔననీ లేదు కాదనీ లేదు. ఎప్పుడైనా మీకు చేతకాలేదనిపిస్తే వయసుకి తగిన తరగతిలో సర్కారు బడిలో చేర్చొచ్చు, అదీ ఆ చట్టంలోనే ఉంది. పద్నాలుగు నిండితే తెలంగాణ ఓపెన్ స్కూల్లోగానీ, కేంద్రం వాళ్ల ఓపెన్ స్కూలు ఎన్‌ఐఓఎస్‌లోగానీ పదో తరగతి రాయొచ్చు, తర్వాత ఇంటర్. ఓపెన్ ఇంటర్‌తో నీట్ రాయనివ్వరు అన్న గొడవ చాలా ఏళ్లు నడిచింది, గుర్తింపు ఉన్న ఓపెన్ బోర్డుల పిల్లలు రాయొచ్చని 2024లో సుప్రీంకోర్టులో తేలింది.

అందరూ మర్చిపోయేది ఇంకొకటి ఉంది. రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగాల్లో లోకల్ కావాలంటే 2018 రాష్ట్రపతి ఉత్తర్వుల ప్రకారం ఒకటి నుంచి ఏడో తరగతి వరకు ఎక్కడ చదివారన్నది చూస్తారు, అందులో కనీసం నాలుగేళ్లు ఎక్కడ చదివితే అక్కడ లోకల్. మీకు స్టడీ సర్టిఫికెట్లు ఉండవు. బడిలో చదవని ఏళ్లకి నివాస ధ్రువపత్రం చూపాలి. కాబట్టి పిల్లల ఆధార్ అడ్రస్, రేషన్ కార్డు, పాప పాత స్కూలు కాగితాలు అన్నీ ఒక ఫైల్లో పెట్టండి. ఇరవై రెండేళ్ల వయసులో తహసీల్ ఆఫీసు చుట్టూ తిరిగేది వాళ్లే.

ఒక్క విషయం మాత్రం వాయిదా వేయకండి. చలకుర్తి నవోదయలో ఆరో తరగతి సీటు మీద మీకు ఏమాత్రం ఆశ ఉన్నా, పాప ఐదో తరగతి ఏడాది మొత్తం ఇదే జిల్లాలో గుర్తింపు ఉన్న బడిలో చదివి ఉండాలి. మూడు, నాలుగు తరగతులు కూడా అలాంటి బడిలోనే పాసై ఉండాలన్న నిబంధన ఉంది, కాబట్టి నాలుగు ఇంట్లో చదివిన పాపని పరీక్ష రాయనిస్తారో లేదో ముందే నవోదయలో అడగండి. మీ పాపది నాలుగో తరగతి వయసు, అంటే నిర్ణయం వచ్చే జూన్ లోపే. ఇంట్లో ముగ్గురూ కూర్చుని మాట్లాడండి, పాపని కూడా అడగండి. ప్రవేశ పరీక్ష రాస్తానంటే, వాళ్లూ సరే అంటే, జూన్‌లో మీ ఊరి సర్కారు బడిలో ఐదులో చేర్చండి, సాయంత్రం తోట లెక్కలు, నాయనమ్మకి పాఠం చెప్పడం ఎలాగూ సాగుతాయి. రాయనంటే ఇంట్లో ఇదే వరస కొనసాగించండి, పాపకి పదమూడు వచ్చాక ఓపెన్ టెన్త్‌కి ఏ సబ్జెక్టులు పెట్టాలో అప్పుడు రాయండి, చూద్దాం.