చందాలతో లేచిన ఊరి ఆసుపత్రి చరిత్ర రాయాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

నెల్లూరు వైపు మీ ఊళ్లో దాతలు కట్టించిన ఆసుపత్రి గురించి రాయాలనుకుంటున్నారు, మీరేమో చెన్నైలో ఉన్నారు. ముందు ఊరికి వెళ్లి కమిటీ బీరువా తెరిపించండి. గోడ మీది దాతల ఫలకంతో మాత్రం మొదలుపెట్టకండి. దాని మీద పెద్ద మొత్తాలిచ్చినవాళ్లే ఉంటారు. అర్ధరూపాయి, బస్తా వడ్లు, నాలుగు బండ్ల ఇసుక ఇచ్చినవాళ్ల పేర్లు రసీదు పుస్తకాల కౌంటర్‌ఫాయిళ్లలో, అంటే రసీదు చించి ఇచ్చాక పుస్తకంలో ఉండే ముక్కల్లో మిగులుతాయి. వాళ్ల పేర్లు రాని చరిత్ర నా దృష్టిలో సగం చరిత్రే.

మినిట్స్ పుస్తకం, కౌంటర్‌ఫాయిళ్లు, ఆడిట్ రిపోర్టులు పక్కపక్కన పెట్టుకుని చదవాలి. మినిట్స్‌లో రాసేది సభలో ప్రకటించిన చందా. చేతికి వచ్చినది కౌంటర్‌ఫాయిల్ చెబుతుంది. రూ.1,116 ప్రకటించి విడతలుగా కట్టేవారు కాబట్టి ఒకే పేరు నాలుగైదు చోట్ల తగులుతుంది. నలుగురు దాతలని లెక్కపెట్టేస్తారు, జాగ్రత్త. 1957 ఏప్రిల్‌కు ముందు లెక్కలు రూపాయి, అణా, పైలలో ఉంటాయి. '12-8-0' అంటే 12 రూపాయల 8 అణాలు, అంటే పన్నెండున్నర. కంప్యూటర్‌లో 12.80 అని కొడితే ఆ పేజీ మొత్తం తప్పినట్టే.

తేదీల్లో ఎక్కువమంది పొరబడతారు. సొసైటీ రిజిస్ట్రేషన్, శంకుస్థాపన, ప్రారంభోత్సవం వేర్వేరు. ఉదాహరణకు, డాక్టర్ ముత్తులక్ష్మి రెడ్డిగారి కృషితో చెన్నైలో వచ్చిన అడయార్ క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్‌కు శంకుస్థాపన 1952లో, ప్రారంభం 1954లో. ఫలకం మీద 'విజయ నామ సంవత్సర మాఘ మాసం' అని ఉంటే 1953 అనుకోకండి. ఉగాది 1953లోనే వచ్చినా మాఘం నాటికి 1954 ఫిబ్రవరి అవుతుంది. అరవయ్యేళ్లకు మళ్లీ అదే పేరు వస్తుంది కాబట్టి భవనం వయసు కూడా చూసుకోవాలి. అరిగిపోయిన అక్షరాలకు సుద్దపొడి, ఆసిడ్ వద్దు. రాత్రిపూట టార్చిని ఫలకం అంచున, గోడకు దాదాపు ఆనించి పక్కనుంచి వేయండి. గుంటల్లో నీడ పడి అక్షరాలు లేస్తాయి.

చెన్నైలో మీకు పనికొచ్చేది ఎగ్మోర్‌లోని తమిళనాడు ఆర్కైవ్స్. 1953 అక్టోబరు 1 దాకా నెల్లూరు మద్రాసు రాష్ట్రంలోదే గనుక గ్రాంటు, స్థలం గురించిన ప్రభుత్వ ఉత్తర్వులు అక్కడ వెతకాలి. సూచికల్లో ఆసుపత్రి పేరు దొరక్కపోతే ఊరి పేరు, జిల్లా బోర్డు పేరుతో చూడండి. దరఖాస్తులో ఏ ఊరు, ఏ ఏళ్లు కావాలో స్పష్టంగా రాయండి. స్థలం ఎవరిచ్చారన్న దానికి సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో దానపత్రం నకలు తీసుకోవాలి. అంత పాతదానికి ఆన్‌లైన్ ఈసీ (ఆస్తి లావాదేవీలు చూపే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) చాలదు, మాన్యువల్ సెర్చ్ అడగాలి.

కాన్పుల రిజిస్టర్లు దొరికితే ఏడాదివారీగా అంకెలు తీసుకోండి. రోగుల పేర్లు, జబ్బులు ఎంత పాతవైనా అచ్చు వేయకండి.