సాపా కొండలకు వెళ్లబోయే మేనకోడలికి

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

సెప్టెంబరులో వియత్నాంలోని సాపాకు వెళ్లాలనుకోవడం మంచి ఆలోచన. కొండవాలున మెట్లుగా చెక్కిన వరిమళ్లు పసుపు తిరిగేది ఆ నెలలోనే. అక్కడి చలికి ఏడాదికి ఒకే పంట. హనోయిలో రాత్రి రైలెక్కి లావోకాయిలో దిగితే, అక్కడి నుంచి సుమారు 35 కిలోమీటర్ల ఘాట్ రోడ్డు. అయితే ఎలా చేరతావన్నదాని కన్నా ఎవరింట దిగుతావన్నది ముఖ్యం.

మొదటిసారి నేను పట్నంలోని ఒక యాత్రల సంస్థకు సొమ్మంతా ముందే చెల్లించాను. రెండు రోజులు వానలో మాకు దారి చూపిన, హ్మాంగ్ అనే అక్కడి కొండజాతి మహిళకు అందులో ఎంత తక్కువ ముట్టిందో చివరి పూట ఆమె నోటనే విని తల దించుకున్నాను. కాబట్టి నీవు లావోచాయి వంటి హ్మాంగ్ ఊరి మహిళనే గైడుగా కుదుర్చుకుని, బసకు, భోజనానికి, నడకకు ఎంతెంతో ముందే అడిగి, ఆ డబ్బు ఆమె చేతికే ఇవ్వు. అక్కడి ఆడవాళ్లలో చాలామంది యాత్రికులతో మాట్లాడుతూనే ఇంగ్లీషు నేర్చుకున్నారు కనుక మాటకు ఇబ్బంది ఉండదు. రెండు రాత్రులైనా ఉండు; మొదటి రాత్రి మొహమాటంతోనే గడిచిపోతుంది.

వాళ్ల గుడ్డ గురించి కొంత వివరంగా రాయాలి. గంజాయి జాతి మొక్క కాండం నుంచి నార ఒలిచి, పోగుకు పోగు చేత్తో కలిపి, వడికి, బూడిద నీటిలో ఉడికించి నేస్తారు. పూర్వం మన కలంకారీ పనివారు నీలి అంటకూడని చోట మైనం పూసినట్లే, వాళ్లూ కరిగిన తేనెమైనంతో గీతలు గీసి, నీలిమందు తొట్టిలో ముంచి, ఆరబెట్టి, మళ్లీ ముంచుతూ రోజుల తరబడి రంగు ఎక్కిస్తారు. నీ గైడు వేళ్లు నీలంగా ఉంటే అది ఆ తొట్టి గుర్తే. బజారులో యంత్రం మీద అచ్చువేసిన గుడ్డనూ చేతిపని పేరుతోనే అమ్ముతారు. గీతలన్నీ ఒక్క తీరుగా ఉంటే అనుమానించు. చేతిపని గుడ్డకు గీచి గీచి బేరమాడకు. చిన్నపిల్లలు అమ్మేవి మాత్రం కొనకు. వీధిలో రాబడి ఉన్నంతకాలం వాళ్లను బడికి పంపాలన్న పట్టుదల ఇంట్లో సడలుతుంది.

గుమ్మానికి పచ్చని కొమ్మ కట్టి ఉంటే పరాయివారు లోపలికి రాకూడదని అర్థం. వీధి తలుపుకు ఎదురుగోడన ఉండే పూజాస్థానాన్ని ముట్టుకోవద్దు. ఖేన్ అనే ఆరు వెదురు గొట్టాల వాద్యాన్ని పండుగల్లోనే కాక, చనిపోయినవారి ఆత్మకు పూర్వీకుల వద్దకు దారి చెప్పడానికీ వాయిస్తారు. ఆ స్వరాలను సరదాకు వినిపించమని అడగడం తగదు.

అక్కడి నుంచి తిరిగి బయలుదేరే ముందు నీ గైడు అనుమతితో ఆమె ఫోన్ నంబరు రాసుకుని నాకు పంపు. వచ్చే ఏడాది వెళ్తామంటున్న మనవాళ్లను నేరుగా ఆమెతోనే మాట్లాడమని చెబుతాను.

ఇట్లు,
మీ మామయ్య