ప్రింటర్ కొనే ముందు నీ పేజీ ఒకటి తీయించు

కావలి

తమ్ముడికి,

నీ ఉత్తరం, కథల కట్ట అందాయి. కథల గురించి తీరిగ్గా వేరే రాస్తాను. వాటిని ఇంట్లోనే అచ్చు తీసి పుస్తకం చేసుకుంటానన్నావు, ఏ ప్రింటర్ కొనాలని అడిగావు. ముందు ఆ సంగతి.

డబ్బు కట్టకముందు నీ కథలో ఒక పేజీని పీడీఎఫ్ చేసి, పెన్‌డ్రైవ్‌లో పట్టుకెళ్ళి, ఆ ప్రింటర్ మీదే తీయించి చూడు. షాపులో చూపించే రంగుల పూల పేజీతో మనకు పనిలేదు. మన అక్షరాలకు కింద ఒత్తులుంటాయి. 'స్త్రీ', 'రాష్ట్రం', 'తీక్ష్ణం' లాంటి మాటలున్న పేజీ తీసుకెళ్ళు. ఒత్తుల సందులు పూడిపోయి నల్లగా ముద్దకడితే ఆ ప్రింటర్ వద్దు. 'ధ' కింద, 'భ' కింద ఉండే చిన్న గీతను కూడా చూడు. అది పడకపోతే ధనం దనమవుతుంది, భయం బయమవుతుంది. చదివేవాళ్ళు అది నీ తప్పే అనుకుంటారు.

లోపలి పేజీలకు నలుపు మాత్రమే వేసే లేజర్ ప్రింటర్ కొనుక్కో. కాగితాన్ని తనే తిప్పి రెండో వైపు కూడా తీసేది, అంటే ఆటో డూప్లెక్స్ ఉన్నది చూడు. అది లేకపోతే చేత్తో తిప్పి పెట్టేటప్పుడు ఒక్క కాగితం తిరగబడినా పుస్తకమంతా పోతుంది.

లేజరే ఎందుకంటున్నానో చెప్తాను. నా మొదటి కవితల పుస్తకం 40 కాపీలు ఇంక్‌జెట్ మీద, అంటే సిరా చిమ్మే ప్రింటర్ మీద తీశాను. కార్తీకంలో వాటిని ఒంగోలు తీసుకెళ్తే బస్సు దిగగానే వాన పట్టుకుంది. సంచిలోకి నీళ్ళు దిగి, పైనున్న పుస్తకాల్లో సిరా కారిపోయింది. రెండేళ్ళు కూర్చుని రాసిన కవితలవి. ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు. లేజర్‌లో ఉండేది టోనర్ అనే ప్లాస్టిక్ పొడి, వేడికి కరిగి కాగితానికి అతుక్కుంటుంది. తడిసినా అక్షరం కారదు. పైగా ఇంక్‌జెట్‌ను నెలల తరబడి వాడకపోతే సిరా ఎండి మూతి మూసుకుపోతుంది. రాసేవాళ్ళం మనం రోజూ ప్రింటు తీయం కదా.

ఒక జాగ్రత్త. లేజర్‌ను ఇంట్లో ఇన్వర్టర్ మీద పెట్టకు. పొడిని కరిగించే రోలర్ వేడెక్కేటప్పుడు ఒక్కసారిగా ఎక్కువ కరెంటు లాగుతుంది.

ఇక ఖర్చు. ఒక ఎ4 కాగితాన్ని మధ్యకు మడిస్తే 4 పేజీలు. నీ పుస్తకం 120 పేజీలైతే కాపీకి 30 కాగితాలు, 50 కాపీలకు 1500, అంటే మూడు రీములు. కాగితం పెద్ద ఖర్చు కాదు, టోనర్ దగ్గరే ఆలోచించాలి. ఒక కార్ట్రిడ్జ్‌కు, అంటే టోనర్ ఉండే డబ్బాకు, ఇన్ని పేజీలొస్తాయని కంపెనీ రాసే సంఖ్య, పేజీలో 5 శాతం మేర నలుపు పడుతుందనే లెక్క మీద కట్టింది. నిండుగా కథ ఉన్న పేజీకి అంతకంటే ఎక్కువే పడుతుంది. అందుకని ఏ మోడల్ కార్ట్రిడ్జ్ మీ ఊళ్ళో రీఫిల్ చేస్తారో ట్రంకు రోడ్డు మీది షాపుల్లో అడిగి, ఆ మోడలే తీసుకో. చవగ్గా వచ్చిందని కొని, టోనర్ కోసం చెన్నైకి ఫోన్లు చేసే టెన్షన్ నీకెందుకు?

కొత్తవాళ్ళందరూ చేసే తప్పు ఇంకొకటుంది. ఎ4 మీద 12 పాయింట్లలో టైప్ చేసి, కాగితానికి ఒక్కో వైపు రెండేసి పేజీలు వేసే బుక్‌లెట్ అనేది నొక్కేస్తారు. పేజీ సగానికి కుదించుకుని అక్షరం ఎనిమిదిన్నర పాయింట్లకు దిగుతుంది. నాన్నగారి వయసువాళ్ళు అది చదవలేరు. మొదటి నుంచీ పేజీని ఎ5 కొలతలోనే పెట్టుకో, 148 మిల్లీమీటర్ల వెడల్పు, 210 ఎత్తు. ఫాంట్లను పీడీఎఫ్‌లోనే పొదిగించు, లేదంటే ఇంకో కంప్యూటర్‌లో ఒత్తులు విడిపోతాయి.

అట్ట మాత్రం ఇంట్లో తీయకు. 250, 300 జీఎస్ఎమ్ (చదరపు మీటరుకు అన్ని గ్రాముల బరువు) అట్టను చిన్న ప్రింటర్లు లాగలేవు, ఇరుక్కుంటుంది. దాన్ని బయట డిజిటల్ ప్రింటింగ్ షాపులో వేయించు. వానాకాలంలో రీము విప్పి వదిలేయకు, మన సముద్రపు గాలికి కాగితం చెమ్మ పట్టి వంకర్లు పోతుంది.

50 ఒకేసారి తీయకు. ముందు 5 తీసి, తెలిసినవాళ్ళకిచ్చి తప్పులు దిద్దుకో. ఇంట్లో ప్రింటర్ ఉన్నందుకు మనకు దక్కే అసలు సుఖం ఇదే.

షాపులో తీయించిన ఆ పేజీని మడిచి కవర్లో పెట్టి నాకూ పంపు. ఒత్తులు నేనూ ఒకసారి చూస్తాను.

ప్రేమతో,
అన్నయ్య