అమెరికా ఫెడరల్ డ్రగ్ కేసులో శిక్షపై అప్పీల్‌కి ఎంత గడువుంటుంది?

మీ తమ్ముడికి అమెరికా ఫెడరల్ కోర్టు డ్రగ్ కేసులో పదేళ్లు వేసిందన్నారు. తీర్పు రికార్డుకెక్కిన రోజు నుంచి అప్పీల్ నోటీసుకి ఉన్నది 14 రోజులే. శిక్ష వేసిన జిల్లా కోర్టులోనే వేయాలి. వాదనలేవీ అందులో అక్కర్లేదు. ఎవరు, ఏ తీర్పుపై, ఏ కోర్టుకు వెళ్తున్నారో రాస్తే చాలు. తగిన కారణం చూపితే జడ్జి మరో 30 రోజుల దాకా పొడిగించవచ్చు, కానీ దయచేసి దాన్ని నమ్ముకుని కూర్చోకండి.

నేరం ఒప్పుకున్న కేసైతే ప్లీ అగ్రిమెంట్, అంటే ప్రాసిక్యూషన్‌తో చేసుకున్న ఒప్పంద పత్రం, తీసి చదవండి. అప్పీల్ హక్కు వదులుకుంటున్నట్టు ఒక పేరా ఉండే అవకాశం ఎక్కువ. అలా ఉన్నా, క్లయింటు అడిగాక నోటీసు వేయకపోవడం లాయరు లోపమేనని 2019లో గార్జా కేసులో అమెరికా సుప్రీంకోర్టు తేల్చింది. అందుకే మీ తమ్ముడే లాయరుకు ఉత్తరం రాసి అడగాలి.

అప్పీల్ కోర్టు సాక్షుల్ని మళ్లీ పిలవదు. శిక్ష ఎంత ఉండాలో సూచించే గైడ్‌లైన్స్ లెక్క సరిగ్గా వేశారా, వేరేవాళ్ల సరుకు బరువు ఇతని ఖాతాలో కలిపారా లాంటివి చూస్తుంది. "పదేళ్లు మరీ ఎక్కువ" అన్న వాదన ఒక్కటే నిలవడం కష్టం. 5 కిలోలు, ఆపైన కొకైన్‌కి చట్టంలో కనీస శిక్షే పదేళ్లు.

లాయరు సరిగా వాదించలేదన్న ఫిర్యాదుకు దారి వేరు, శిక్షను రద్దు చేయమనో సవరించమనో కోరే 2255 మోషన్ అనే దరఖాస్తు. దానికి తీర్పు ఖరారయ్యాక మామూలుగా ఏడాది గడువుంటుంది.