రివెట్ల దగ్గర కారే అల్యూమినియం బోటుకు సిలికాన్ వద్దు

14 అడుగుల పాత బోటు, రివెట్ల దగ్గర నీళ్లు కారుతున్నాయి, మోటారు బిగించే వెనక చెక్క పుచ్చింది, సిలికాన్ పూస్తే చాలా అని అడిగారు. దయచేసి సిలికాన్ జోలికి వెళ్లకండి. అది అంటిన చోట తర్వాత పెయింటూ, ఎపాక్సీ (రెండు ద్రవాలు కలిపి పూస్తే గట్టిపడే జిగురు) ఏదీ నిలవదు.

బోటును ట్రైలర్ మీదే ఉంచి లోపల మూడు నాలుగు అంగుళాల నీళ్లు పోయండి, అంతకు మించితే బరువెక్కువ. కింద దూరి చూస్తే ఏ రివెట్ తల చుట్టూ చెమ్మ ఊరుతోందో తెలుస్తుంది. మార్కర్‌తో గుర్తు పెట్టి, నీళ్లు తీసేశాక, ఒకరు బయట తలకు బరువైన ఇనుప దిమ్మె ఆనించి పట్టుకుంటే ఇంకొకరు లోపలి కొసను సుత్తితో చిన్నగా కొట్టాలి. చాలావరకు అలాగే బిగుస్తాయి. అరిగిపోయినవి మార్చాల్సిందే. ఒక వైపు నుంచే గన్‌తో లాగి బిగించే మామూలు పాప్ రివెట్ మాత్రం వద్దు, దాని మధ్యలోంచే నీళ్లొస్తాయి.

నాకు అసలు టెన్షన్ మీ చెక్క గురించే. పుచ్చకుండా రాగి మందు పట్టించిన ప్లైవుడ్ చవకగా దొరుకుతుందని వేయకండి. తడి తగిలితే ఆ రాగి అల్యూమినియాన్ని తినేస్తుంది, రేకు జల్లెడవుతుంది. మెరైన్ ప్లైవుడ్ తెచ్చి అంచులకూ బోల్టు రంధ్రాల లోపలికీ ఎపాక్సీ పట్టించండి. బోల్టులు స్టెయిన్‌లెస్‌వే వాడి, మెరైన్ సీలెంట్ (పడవలకు వాడే, నీళ్లు చొరకుండా ఆపే పేస్టు, సిలికాన్ కాదు) పూసి బిగించండి. అడుగున వేసే పెయింటులోనూ రాగి లేదని డబ్బా మీద చూసుకోండి.