తెలుగు మీడియం బీకాం తర్వాత ఎం.ఏ. ఇంగ్లీష్: దెబ్బతినేది ఎక్కడ, చదవాల్సింది ఎలా

తెలుగు మీడియంలో బీకాం పూర్తయింది, ఎం.ఏ. ఇంగ్లీష్‌లో చేరితే క్లాసులో నెట్టుకురాగలనా, మొదటి సెమిస్టర్ ఎలా చదవాలి, చివరికి టీచర్ పోస్టుకి పనికొస్తుందా అని అడిగారు.

నెట్టుకురాగలరు. ఈ కోర్సులో దెబ్బతినేది ఇంగ్లీష్ గడగడా మాట్లాడలేనివాళ్లు కాదు. మూలం తెరవకుండా, పరీక్షకి వారం ముందు గైడు కొని బట్టీ పట్టేవాళ్లు. పేపర్లు దిద్దేవాళ్లకి ఆ సంగతి మొదటి పేజీలోనే తెలిసిపోతుంది. గైడులోని వాక్యం అందులోని అచ్చుతప్పుతో సహా కట్టలో సగం పేపర్లలో కనిపిస్తుంది మరి. ఈ మధ్య గైడు బదులు చాట్‌బాట్‌ని అడుగుతున్నారు. అది ఇంకో ప్రమాదం: కవితలో లేని పాదాన్ని కూడా ఉన్నట్టే చక్కగా కొటేషన్ మార్కులు పెట్టి ఇస్తుంది.

మీ చేతిలో ఇప్పటికే ఒక పద్ధతి ఉంది. హైస్కూల్లో తెలుగు పద్యం ఎలా చెప్పేవారో గుర్తు తెచ్చుకోండి: పదవిభాగం, ప్రతిపదార్థం, అన్వయం, తాత్పర్యం. పాత ఇంగ్లీష్ కవిత్వం దగ్గర అన్వయమే ఆదుకుంటుంది. మిల్టన్ 'పారడైజ్ లాస్ట్' (1667) మొదటి వాక్యం 16 పాదాలు సాగుతుంది. అసలు క్రియ 'సింగ్' ఆరో పాదంలో గానీ రాదు. మొదటి మాట నుంచి వరసగా అర్థాలు రాసుకుంటూ పోతే మూడో పాదానికే దారి తప్పుతారు. ముందు పెన్సిల్‌తో ఆ క్రియ చుట్టూ సున్నా చుట్టండి. పాడవలసింది ఎవరు? పక్కనే ఉంది, మ్యూజ్ అనే వాగ్దేవత. దేని గురించి పాడాలి? వెనక్కి వెళ్తే 'ఆఫ్' అంటూ మొదలైన పై పాదాలన్నీ దానికే జవాబు. కావ్యారంభంలో ఇష్టదేవతని తలుచుకోవడం మనకి కొత్త కాదు గనక సందర్భం ఇట్టే అర్థమవుతుంది. చాసర్ 'కాంటర్‌బరీ టేల్స్' ముందుమాట 'ప్రోలోగ్' కూడా ఇలాగే, తొలి వాక్యం 18 పాదాలు. 'ఎప్పుడైతే' అన్న మాట ఒకటో పాదంలో, మళ్లీ ఐదో పాదంలో వస్తుంది, 'అప్పుడు' అన్నది పన్నెండో పాదంలో. ఈ మూడూ గుర్తుపెట్టుకుంటే మిగతా వర్ణనంతా వాటి మధ్య తనంతట తనే సర్దుకుంటుంది.

అసలు గండం తాత్పర్యం దగ్గర. స్కూల్లో తాత్పర్యంతో పద్యం అయిపోయేది. ఎం.ఏ.లో తాత్పర్యం రాసి ఆపితే పాస్ మార్కులు వస్తాయేమో గానీ అంతకు మించి రావు. కవి ఏమన్నాడన్నది కాదు, ఎలా అన్నాడు, అలా అనడం వల్ల ఏం జరిగింది అన్నదే ప్రశ్న.

కీట్స్ 1819లో రాసిన 'ఓడ్ టు ఎ నైటింగేల్' తీసుకుని చూడండి. 8 చరణాలు, ఒక్కోదానికి 10 పాదాలు. పూటకి ఒక్క చరణమే పెట్టుకోండి, 40 నిమిషాలు పడుతుంది. డిక్షనరీ ముట్టకుండా రెండుసార్లు పైకి చదవండి. మూడోసారి తెలియని మాటల కింద గీత గీసి అప్పుడు డిక్షనరీ తెరవండి. లీథీ నది, డ్రయాడ్ అనే వనదేవత లాంటి గ్రీకు పేర్లకి మామూలు డిక్షనరీ చాలదు, నోట్సు ఉన్న ఎడిషన్ కావాలి. తర్వాత కుడి మార్జిన్‌లో అంత్యప్రాసలకి అక్షరాలు వేయండి: ఏ బీ ఏ బీ, సీ డీ ఈ, సీ డీ ఈ అని వస్తుంది. ఎడమ మార్జిన్‌లో ఒక్కో పాదానికి ఎన్ని ఊనికలో, అంటే ఎన్ని సిలబుల్స్ నొక్కి పలుకుతామో, అంకె వేయండి. దాదాపు అన్నిటికీ 5 వస్తుంది, ఎనిమిదో పాదానికి మాత్రం 3. మిగతా ఏడు చరణాలూ చూడండి, అన్నిట్లోనూ ఎనిమిదో పాదం పొట్టిదే. మొదటి చరణంలో ఆ పొట్టి పాదం వాక్యం పూర్తి కాకుండానే తర్వాతి పాదంలోకి దూకుతుంది. అందాకా మగతగా, బరువుగా నడిచిన చరణం పక్షి ఉన్న చోటికి వచ్చేసరికి తేలికపడుతుంది. జవాబు ఇక్కణ్ణుంచి మొదలుపెట్టాలి. 'పక్షి పాట విని కవి తన బాధ మరిచిపోవాలనుకుంటాడు' అన్నది గైడులోనూ ఉంది, దానికి విడిగా మార్కులేమీ పడవు.

ఊనిక లెక్క దగ్గర తెలుగు ఛందస్సు బాగా వచ్చినవాళ్లే ఎక్కువ తికమకపడతారు. మన గురులఘువులు పలికే కాలాన్ని బట్టి, ఇంగ్లీష్ పాదం నొక్కి పలకడాన్ని బట్టి. దీర్ఘం కనపడగానే గురువు పెట్టేస్తే అయాంబిక్ పెంటామీటర్ అనే ఇంగ్లీష్ ఛందస్సు ఎక్కడా కుదరదు. 'రికార్డ్' నామవాచకమైతే ఊనిక మొదటి సిలబుల్ మీద, క్రియ అయితే రెండోదాని మీద, స్పెల్లింగ్ మాత్రం ఒకటే. 'ప్రెజెంట్', 'ఆబ్జెక్ట్' కూడా అంతే. డిక్షనరీలో ఊనిక పడే సిలబుల్‌కి ముందు పైన చిన్న నిలువు గీత ఉంటుంది. మొదటి నెలంతా అర్థంతో పాటు ఆ గీత కూడా చూడటం అలవాటు చేసుకోండి. ఊనిక లేనిది ఒకటి, ఉన్నది ఒకటి కలిస్తే అయాంబ్. అలాంటివి ఐదు కలిస్తే పెంటామీటర్. కవి ఎక్కడైనా ఈ నడక తప్పిస్తే కంగారు పడి సరిచేయకండి, రాయడానికి మీకు విషయం దొరికేది అక్కడే.

అదే చెవి ఫొనెటిక్స్ (ఉచ్చారణ శాస్త్రం) పేపర్లోనూ కావాలి. ఆర్‌పీ అనే బ్రిటిష్ ఉచ్చారణలో 44 ధ్వనులు: 24 హల్లులు, 12 అచ్చులు, 8 డిఫ్తాంగులు (ఒక అచ్చు నుంచి ఇంకో అచ్చులోకి జారేవి). తెలుగువాళ్లు మార్కులు పోగొట్టుకునే చోట్లు ఎప్పుడూ అవే. 'వెట్' అంటే తడి, 'వెట్' అంటే పశువుల డాక్టరు: మనం రెండిటికీ ఒకే 'వ' పలుకుతాం, అక్కడ మొదటిదానికి పెదాలు గుండ్రంగా చుట్టాలి, రెండోదానికి పై పళ్లు కింది పెదవికి తగలాలి. 'ఎగ్' ముందు 'య', 'ఓన్లీ' ముందు 'వ' మన నోట తెలియకుండానే చేరతాయి. 'లుక్' భూతకాలంలో చివర పలికేది 'ట్', మనం స్పెల్లింగ్ చూసి 'డ్' రాసేస్తాం. 'పిన్' అన్నప్పుడు మొదటి హల్లు తర్వాత కొంత గాలి బయటికి రావాలి, 'స్పిన్' అన్నప్పుడు రాకూడదు. పల్చటి కాగితం ముక్క నోటి ముందు పట్టుకుని రెండూ పలకండి: మొదటిదానికి కాగితం కదలాలి. మీకు కదలకపోతే మీరు తెలుగు 'ప' పలుకుతున్నట్టే. ట్రాన్స్‌క్రిప్షన్‌కి, అంటే ఉచ్చారణని గుర్తులతో రాయడానికి, రోజూ 10 మాటలు రాసి డిక్షనరీతో సరిచూసుకోవాలి, ఇది చదివితే వచ్చేది కాదు. పుస్తకం ఒక్కటే కొనాలంటే బాలసుబ్రమణియన్ ఫొనెటిక్స్ టెక్స్ట్‌బుక్ తీసుకోండి, భారతీయ విద్యార్థుల కోసమే రాసింది.

జవాబు రాయడం. మూడు గంటల్లో ఐదు వ్యాసాలంటే ఒక్కోదానికి 36 నిమిషాలు. మొదటి 4 నిమిషాలు రాయకండి. చెప్పదలుచుకున్నది ఒక్క వాక్యంలో, దానికి మూడు ఆధారాలు ప్రశ్నపత్రం అంచున గుర్తు వేసుకోండి. కవి జీవితచరిత్రతో మొదలుపెట్టడం అందరూ చేసే పనే. ఎక్కడ పుట్టాడో, ఎంతమంది పిల్లలో ఒక పేజీ నింపుతారు, ప్రశ్న అడిగినదానికి అందులో ఏమీ ఉండదు. కొటేషన్ రెండు పాదాలు మించనక్కర్లేదు. ముందు ఒక వాక్యంతో దాన్ని తీసుకురండి, తర్వాత అందులోని ఏ మాట మీ వాదనకి పనికొస్తుందో కనీసం రెండు వాక్యాలు రాయండి. కొటేషన్ పెట్టి వదిలేస్తే అది అలంకారమే. కచ్చితంగా గుర్తులేకపోతే మీ మాటల్లో చెప్పండి, సొంతంగా అల్లి కోట్ చేయకండి. ఇంకో సంగతి, కథలో జరిగేదంతా వర్తమాన కాలంలో రాయాలి: హామ్లెట్ 'అనుమానించాడు' కాదు, 'అనుమానిస్తాడు'. రచయిత జీవితానికి, చరిత్రకి మాత్రమే భూతకాలం. ఒకే పేరాలో రెండు కాలాలూ కలగాపులగం చేయడం తెలుగు మీడియం, ఇంగ్లీష్ మీడియం తేడా లేకుండా అందరి పేపర్లలోనూ ఉంటుంది.

వ్యాకరణం మొత్తం మొదటి నుంచి చదవక్కర్లేదు. ఆర్టికల్స్, కర్తకి తగ్గ క్రియ, 'డిస్కస్ అబౌట్' లాంటి అనవసరపు ప్రిపోజిషన్లు, 'ఐ యామ్ హావింగ్' లాంటి ప్రయోగాలు: ఈ నాలుగూ సరిచేసుకుంటే పేపరు సగం శుభ్రపడుతుంది. వారానికి 300 మాటల వ్యాసం ఒకటి చేత్తో రాసి, మర్నాడు ఎర్ర పెన్నుతో ఈ నాలుగే వెతకండి. తప్పులన్నీ ఒకేసారి దిద్దబోతే విసుగొచ్చి మూడో వారానికి మానేస్తారు.

బైబిల్ తెలియకపోతే మిల్టన్, బ్లేక్, ఎలియట్ సగం మూసిన తలుపే. ఆదికాండం, నిర్గమకాండం, యోబు, ఒక సువార్త చాలు. తెలుగు బైబిల్లో చదివి, అవే భాగాలు 1611 నాటి కింగ్ జేమ్స్ అనువాదంలో చదివితే ఆ పాత ఇంగ్లీష్‌కి కూడా చెవి అలవాటుపడుతుంది. నాటకమైతే ముందు వీడియోలో ప్రదర్శన చూసి, తర్వాత నోట్సున్న ఎడిషన్ పట్టుకోండి.

థియరీ (సాహిత్య సిద్ధాంతాల) పేపరుకి భయపడేవాళ్లు ఎక్కువ. మొదటి సెమిస్టర్‌లోనే దాని జోలికి పోకండి. సాహిత్య పదాలకి అర్థాలిచ్చే ఎబ్రమ్స్ 'గ్లాసరీ' పక్కన పెట్టుకుని పదం తగిలినప్పుడల్లా చూడటం చాలు, తర్వాత పీటర్ బ్యారీ 'బిగినింగ్ థియరీ'. విమర్శకుల్లో ఐ.ఎ. రిచర్డ్స్ మాత్రం ముందే తెలుసుకోదగ్గవాడు. కేంబ్రిడ్జ్‌లో కవి పేరు, కాలం చెప్పకుండా విద్యార్థులకి కవితలిచ్చి వ్యాఖ్యానం రాయించాడు, వాళ్లు ఎక్కడెక్కడ బోల్తా పడ్డారో 1929లో పుస్తకంగా వేశాడు. సూటి అర్థమే పట్టుకోలేకపోవడం, అలవాటైన భావం కనపడగానే కవిత అర్థమైందనుకోవడం, ఇవన్నీ అందులో ఉన్నాయి. ఎప్పుడూ చూడని కవిత ఇచ్చి రాయమనే ప్రశ్నకి ఇంతకంటే మంచి సాధన లేదు: స్నేహితుడితో పేరు కప్పి కవిత ఇప్పించుకోండి.

చివరి సెమిస్టర్లో ప్రాజెక్టు ఉంటే తెలుగు మీడియం వాళ్ల పంట పండినట్టే. కన్యాశుల్కం 1897 నాటి మొదటి కూర్పు, 1909 నాటి రెండో కూర్పు, 2007లో వచ్చిన వెల్చేరు నారాయణరావు గారి ఇంగ్లీష్ అనువాదం ముందు పెట్టుకుని ఒక్క రంగం పోల్చినా మంచి ప్రాజెక్టవుతుంది, క్లాసులో చాలామంది ఆ పని చేయలేరు. పీహెచ్‌డీ దాకా వెళ్తే యూజీసీ 2018 నిబంధనలు గుర్తుంచుకోండి: వేరేవాళ్ల రాతతో పోలిక 10 శాతం దాటితే థీసిస్ వెనక్కి వస్తుంది, 60 దాటితే రిజిస్ట్రేషనే రద్దు.

ఉద్యోగం సంగతి. డిగ్రీలో ఇంగ్లీష్ ఆప్షనల్‌గా లేని బీకాం వాళ్లకి ఎం.ఏ. ఇంగ్లీషే స్కూల్ అసిస్టెంట్ దారి తెరుస్తుంది, అయితే బీఎడ్‌లో ఇంగ్లీష్ మెథడాలజీ తీసుకుని ఉండాలి. అందుకే వరస ముఖ్యం: ముందు ఎం.ఏ., ఆ తర్వాత బీఎడ్. బీకాం మీదే బీఎడ్ చేసేస్తే వేరే మెథడాలజీ పడుతుంది, తర్వాత ఎం.ఏ. చేసినా ఆ సర్టిఫికెట్ మారదు. చేరేముందు ఆ ఏటి ఎడ్‌సెట్ (బీఎడ్ ప్రవేశ పరీక్ష), డీఎస్సీ (టీచర్ల నియామకం) నోటిఫికేషన్లలో అర్హతల పట్టిక ఒకసారి చూసుకోండి. డిగ్రీ కాలేజీలో చెప్పాలంటే నెట్ గానీ సెట్ గానీ (జాతీయ, రాష్ట్ర స్థాయి లెక్చరర్ అర్హత పరీక్షలు) కావాలి. నెట్‌లో రెండు పేపర్లు కలిపి 150 ప్రశ్నలు, 300 మార్కులు, 3 గంటలు, నెగటివ్ మార్కులు లేవు. ఇంగ్లీష్ సిలబస్ పది యూనిట్లు. అందులో 'ఇంగ్లీష్ ఇన్ ఇండియా' అన్న యూనిట్ చాలామంది వదిలేస్తారు. మన దేశంలో ఇంగ్లీష్ చదువు గురించి బ్రిటిష్ కాలంలో వచ్చిన 1835 మెకాలే మినిట్, 1854 వుడ్స్ డిస్పాచ్ లాంటి పత్రాలు అందులోవే, తేలిగ్గా మార్కులొచ్చే చోటు. నెట్ రాయాలంటే పీజీలో 55 శాతం ఉండాలి, ఓబీసీ నాన్ క్రీమీలేయర్, ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగులకి 50 చాలు. మొదటి సెమిస్టర్లో ఏదో ఒకలా పాసైతే చాలనుకుంటే ఈ శాతం దగ్గరే ఇరుక్కుంటారు.