ఉప్పునీటి అక్వేరియానికి ఏ కిట్లు కొనాలి?

ప్రశ్న: నెల క్రితం ఇంట్లో ఉప్పునీటి అక్వేరియం పెట్టాము. రెండు క్లౌన్ చేపలే ఉన్నాయి. నీటి పరీక్షకు స్ట్రిప్పులు చాలునా, చుక్కల కిట్లే కొనాలా?
– ఒక పాఠకుడు, హనుమకొండ

జవాబు: నీటి నమూనాలో రసాయన చుక్కలు వేసి, వచ్చిన రంగును పట్టికతో పోల్చి చూసే చుక్కల కిట్లే కొనండి. స్ట్రిప్పులు అంచనాకు పనికివస్తాయి గాని, చేపలకు విషమైన అమ్మోనియా, నైట్రైట్ సున్నాకు చేరాయో లేదో తేల్చుకోవలసిన ఈ తొలి నెలల్లో వాటిని నమ్ముకోలేము. ఈ రెండింటితోపాటు నైట్రేట్, పీహెచ్ కిట్లు మీకు ప్రస్తుతానికి సరిపోతాయి. కాల్షియం, మెగ్నీషియం కిట్లు పగడాలు పెంచదలచినప్పుడు చూసుకోవచ్చు. కొనేముందు కిట్టు ఉప్పునీటికి పనికివస్తుందా, ఉప్పునీటి రంగుల పట్టిక ఉందా, గడువు తేదీ ఎంతవరకు అన్నవి చూడండి. అన్నింటికన్నా ముందు, నా ఉద్దేశంలో, డబ్బు పెట్టవలసింది నీటిలో ఉప్పు ఎంతుందో కొలిచే రిఫ్రాక్టోమీటరు మీద. మన ఓరుగల్లు ఎండలకు తొట్టిలో నీరు ఆవిరైనా ఉప్పు అక్కడే మిగిలిపోతుంది కనుక, లవణీయత లీటరుకు 35 గ్రాముల దగ్గర నిలిచేలా తరిగిన మేరకు ఉప్పు కలపని ఆర్‌వో నీటినే పోయాలి. పరికరాన్ని మాత్రం 35 గ్రాముల ప్రామాణిక ద్రావణంతో అప్పుడప్పుడు సరిచూడండి. కిట్ల రంగులను పగటి వెలుతురులో పోల్చండి. నీలి దీపాల కింద అన్నీ ఒకేలా కనిపిస్తాయి.